లేదనుట, కనబడలేదనుట

“లేదు”, “కనబడలేదు” అనే రెండు మాటలను నిత్యవ్యవహారంలో మనం ఒకే అర్థంలో వాడుతుంటాము. తెలుగు బోధించే మాకు తరగతిలో ఈ భేదాన్ని వివరించడం అలవాటే. అయితే గణితతర్కం, కంప్యూటర్ శాస్త్రం, పర్యావరణ జీవశాస్త్రం అనే మూడు శాఖలు కలిసే చోట కూడ ఈ భేదమే ప్రధాన సమస్యగా నిలిచి ఉన్నది. మా విద్యార్థులలో ఈ మూడింటినీ చదివేవారు ఉన్నారు కనుక ఆ విషయాన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

మొదట ఒక పక్షిని గురించి చెప్పవలసి ఉన్నది. దాని పేరు కలివి కోడి. కలివి అనేది ఒక ముళ్ళపొద. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు కనుగొన్న ఈ పక్షి 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900లో అనంతపురం సమీపాన కనబడిన పిమ్మట మరి దాని జాడ తెలియలేదు. అది అంతరించిపోయిందనే పలువురు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతంలో ఒక పక్షుల వేటగాడికి అది చిక్కింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషితో దాని ఉనికి లోకానికి వెల్లడైంది. ఆ 86 సంవత్సరాలూ పక్షి లేకపోలేదు. రాత్రివేళ పొదల మధ్య సంచరించే ఆ చిన్న ప్రాణి వెదికినవారి కంటబడలేదు, అంతే.

దీనిని తర్కదృష్టితో చూద్దాము. “ఉన్నది” అని నిరూపించడానికి ఒక్క చోట ఒక్క పక్షి చాలును. “ఎక్కడా లేదు” అనాలంటే మాత్రం ప్రతి చోటునూ పరిశీలించి “ఇక్కడ లేదు” అని చెప్పగలగాలి. ఈ రెండు వాక్యాల సంబంధాన్ని సూత్రబద్ధం చేసిన తార్కికులలో ప్రముఖుడైన డి మోర్గన్ 1806లో మన దక్షిణదేశంలోని మదురలోనే జన్మించాడు.

కంప్యూటర్ పట్టికల విషయంలో 1978లో రేమండ్ రైటర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక భావనను స్పష్టంగా నిర్వచించాడు. పట్టికలో లేనిది లోకంలోనూ లేదని గ్రహించడమే ఆ భావన. దానిని “మూసిన లోకం” అనవచ్చు. రైల్వే కాలపట్టిక విషయంలో ఇది సమంజసమే. అందులో లేని బండి కోసం స్టేషనులో ఎవరూ నిరీక్షించరు. కాని పక్షుల పట్టిక అటువంటిది కాదు. చూచేవారు వెళ్ళిన చోటి పక్షులే అందులో చేరుతాయి. బాటలకు, పట్టణాలకు దగ్గరి చోట్లే అధికంగా నమోదవుతాయి. డేటా మైనింగ్ అంటే రాశులకొద్దీ సమాచారాన్ని త్రవ్వి అందులోని పోలికలను వెలికి తీయడం. ఎంత లోతుగా త్రవ్వినా, రాశిలో ఎన్నడూ చేరనిది అందులో నుంచి బయటికి రాదు.

మన ప్రాచీనులు ఈ చిక్కును ఎరిగినవారే. భాట్ట మీమాంసకులు “అనుపలబ్ధి”ని, అనగా కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా అంగీకరించారు. కాని దానికి యోగ్యత ఉండాలన్నారు. వెలుతురులో నేలపై కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిలో కనబడకపోతే అలా అనరాదు. ఉంటే తప్పక కనబడి ఉండేదని చెప్పగలిగినప్పుడే కనబడకపోవడం ప్రమాణమవుతుంది.

నేటి జీవశాస్త్రజ్ఞులు ఈ యోగ్యతనే అంకెలలో కొలుస్తున్నారు. 2002లో మెకెంజీ, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతి ఇందుకు ఉదాహరణ. ఒక చోట పక్షి ఉన్నప్పటికీ ఒక రాత్రి కనబడడానికి సగమే అవకాశం ఉన్నదనుకుందాము. ఒక్క రాత్రి చూచి లేదనడం తొందరపాటు. నాలుగు రాత్రులు చూస్తే, ఉండి కూడ ఒక్కసారైనా కనబడకపోయే అవకాశం 16లో 1 వంతుకు తగ్గుతుంది. అందుకే ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. కడప పొదలలో పరిశోధకులు మెత్తని మట్టిని పట్టీలుగా పరచి అడుగుజాడలు గుర్తించారు. తమంతట తామే పనిచేసే కెమెరాలను అమర్చారు. కంటికి అందనిదానిని అందుకొనే ఉపాయాలివి.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో “మఫ్ఖూద్” అనే ప్రకరణం ఉన్నది. ఇల్లు విడిచి వెళ్ళి వార్త తెలియకుండా పోయిన వ్యక్తిని మఫ్ఖూద్ అంటారు. వార్త లేదన్న కారణం చేత అతనిని వెంటనే మృతునిగా లెక్కించి ఆస్తి పంచుకోరాదు. గడువు గడవాలి, ఖాజీ విచారించి తీర్పు చెప్పాలి. ఆ గడువు ఎంత అనే విషయంలో ఫిఖ్హ్ పండితులకు అభిప్రాయభేదాలున్నాయి. గడువు ఉండాలనే విషయంలో మాత్రం జాగ్రత్త ఒక్కటే.

ఈ జాగ్రత్త పక్షులతో ఆగిపోరాదు. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థిని ఉపకారవేతనం కోసం ఒక కార్యాలయానికి వెళితే “కంప్యూటర్‌లో నీ పేరు లేదమ్మా” అన్నారు. ఉర్దూలో ఒకే విధంగా వ్రాసే ఆమె పేరును పాఠశాల పత్రంలో ఒక విధంగాను, రేషన్ కార్డులో మరొక విధంగాను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాశారు. యంత్రం వెదికినది ఒక పేరు, పట్టికలో ఉన్నది మరొక పేరు. అమ్మాయి మాత్రం బల్ల ముందు నిలబడే ఉన్నది! మూడు నెలలు తిరిగిన తరువాత గాని ఆ రెండు పేర్లూ ఒకరివేనని అంగీకరింపజేయలేకపోయాము. ఆ మూడు నెలలూ ఆమె తండ్రి చదువు మానిపించే ఆలోచనలోనే ఉన్నాడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇటువంటి పట్టికలను తయారు చేస్తారు. కొందరు వాటిని త్రవ్వుతారు. మరికొందరు వాటిని చూచి ఇతరుల అర్హతలను నిర్ణయిస్తారు. “లేదు” అని వ్రాసే ముందు ఎక్కడ వెదికామో, ఎన్నిసార్లు వెదికామో, ఉంటే మనకు కనబడి ఉండేదా అని ప్రశ్నించుకోండి. సమాధానం చాలనప్పుడు “కనబడలేదు” అని మాత్రమే వ్రాయండి. అలా వ్రాస్తే మరొకరు వెదకడానికి తలుపు తెరిచి ఉంటుంది.