గంట ప్రయాణానికి అందలం

అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని మనవాళ్ళు ఏనాడో అడిగారు. విమానం వచ్చాక ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. మోసేది ఇంజన్లు, కనుక డబ్బున్నవాళ్ళందరూ నిక్షేపంగా ఎక్కవచ్చు. ఎక్కుతున్నారు కూడా. అమెరికాకో మరో దూరదేశానికో పదిహేను గంటలు ఎగరాల్సినవాడు బిజినెస్ క్లాసు టికెట్టు కొన్నాడంటే అర్థం చేసుకోవచ్చు. అక్కడ కుర్చీ పరుపవుతుంది. దుప్పటి కప్పుకుని పడుకుంటే లేచేసరికి దేశం మారిపోయి ఉంటుంది. కాని మద్రాసులో ఎక్కి హైదరాబాదులో దిగడానికి, అంటే కునుకు పట్టేలోపు అయిపోయే ప్రయాణానికి, అంత సొమ్ము పోసి మనం కొంటున్నది ఏమిటి? ఈ అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. మా మైపాడు పెద్దమ్మ పుణ్యమా అని మొన్న తీరింది.

మైపాడు నెల్లూరుకు తూర్పున, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా సముద్రం ఒడ్డున ఉంటుంది. రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, ఆదివారమైతే నెల్లూరు నుంచి అలలు చూడ్డానికొచ్చే జనం. పెద్దమ్మకు డెబ్భై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేసి కొత్తవి వెయ్యాలన్నారు డాక్టర్లు. కూతురు హైదరాబాదులో, కూకట్‌పల్లిలో ఉంటుంది కనుక అక్కడే చేయిద్దామని అందరూ తీర్మానించారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య అమ్మకు బిజినెస్ క్లాసులోనూ, తోడు వెళ్ళే నాకు మామూలు క్లాసులోనూ టికెట్లు తీసి పంపాడు. "అమ్మ ఆ మోకాళ్ళతో ఇరుకు సీట్లో కూర్చోలేదురా, నీకైతే ఏం, నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నాడు ఫోన్లో. కాదనడానికి లేదు, ఉన్నాయి.

ముందు లెక్క చెబుతాను. నెల్లూరికి విమానాశ్రయం లేదు. దగదర్తి దగ్గర కడతామన్న మాట ఏళ్ళ తరబడి నడుస్తోంది గాని ఇంతవరకు అక్కడ విమానమేదీ వాలలేదు. కాబట్టి మైపాడు మనిషి ఎగరాలంటే రేణిగుంటకన్నా పోవాలి, మద్రాసుకన్నా పోవాలి. మేము తెల్లవారుజామున నాలుగున్నరకు కారెక్కాం. మద్రాసు ఊరు దాటి మీనంబాకం చేరేసరికి తొమ్మిది. పదకొండున్నరకు విమానం. హైదరాబాదులో దిగి, పెట్టె అందుకుని, శంషాబాదు నుంచి కూకట్‌పల్లి చేరేసరికి రెండున్నర. మొత్తం పది గంటలు. ఇందులో గాలిలో ఉన్నది గంటకు కాస్త అటూ ఇటూ. అంటే పది గంటల బాధలో ఒక్క గంటకు పట్టుపరుపు వేశారన్నమాట. మిగతా తొమ్మిది గంటలూ మోకాళ్ళు మోకాళ్ళే.

ఇక విడిది సంగతి. లౌంజి అంటారు గాని, నన్నడిగితే దానికి మన పెళ్ళివారి విడిది అన్న మాటే సరిపోతుంది. అదే ఉప్మా, అదే ఇడ్లీ, అదే కాఫీ, "మాకింకా రాలేదండీ" అని అదే సణుగుడు. పెద్దమ్మ టికెట్టుకు విడిది ప్రవేశం ఉచితం. నా టికెట్టుకు లేదు. వాకిట్లోనే ఆగిపోయాను. "వాడు రాకుండా నేనొక్కదాన్నే ఎట్టా పొయ్యేదమ్మా" అని పెద్దమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. ఆ గుమ్మంలో కూర్చున్న అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "సార్, ఏదైనా బ్యాంకు కార్డుందా?" అంది. ఉంది. గీకింది. రెండు రూపాయలు పోయాయి, నేను లోపలికొచ్చాను. వేలకు వేలు పోసిన పెద్దమ్మా, రెండు రూపాయలు పోసిన నేనూ ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే ఉప్మా తిన్నాం. మన దేశంలో చాలా విమానాశ్రయాల్లో దేశీయ ప్రయాణీకుల విడుదులు ఇట్లాగే ఉమ్మడివి. ఈమధ్య బ్యాంకులు కాస్త బిగించాయనుకోండి. గడిచిన మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లోపలికి రానిస్తామని మెలిక పెట్టినవి కొన్ని ఉన్నాయి. కార్డు చూసుకుని వెళ్ళడం మంచిది. అయినా పొద్దుటిపూట అక్కడి క్యూ చూస్తే బయట కుర్చీలే ఖాళీగా కనిపిస్తాయి.

ఇంకో మాట. పెద్ద విమానాశ్రయాల్లో ఇప్పుడు మునుపటిలా "ఫలానా విమానం ఎక్కవలసిందిగా" అని కేకలు వెయ్యడం బాగా తగ్గించారు. విడిదిలో మెత్తటి సోఫా చూసుకుని కళ్ళు మూస్తే మిమ్మల్ని లేపేవాళ్ళెవరూ ఉండరు. గేటు బయలుదేరే వేళకు పాతిక నిమిషాల ముందే మూసేస్తారు.

పెద్దమ్మ మాత్రం కళ్ళు మూయలేదు. ఆ సోఫాలో కూర్చుని వాళ్ళ నాయన సంగతి చెప్పింది. ఆయన బకింగ్‌హాం కాలువ మీద సరుగుడు కట్టెల పడవల్లో మద్రాసుకు వచ్చి పొయ్యేవాడట. ఎన్ని రోజులు పట్టేదని అడిగాను. "గాలిని బట్టిరా అబ్బయా. ఎవురు యాడ కూసోవాలనేది ఏం లేదు, కట్టెల మీద యాడ చోటుంటే ఆడ" అంది. ఆ రోజుల్లో రైల్లో మూడో తరగతి ఉండేది, పడవలో అదీ లేదన్నమాట. (రైళ్ళలో ఆ మూడో తరగతి పేరును 1974లో తీసేశారు. జనం తగ్గలేదు గాని పేరు పోయింది.)

చక్రాల కుర్చీ గురించి చెప్పకపోతే పాపం. మా అన్నయ్య టికెట్టుతో పాటు దాన్నీ అడిగి ఉంచాడు. పెద్దమ్మకు మొదట రోషం వచ్చింది. "నేనేమన్నా కాళ్ళు లేనిదాన్నా?" అంది. పది అడుగులు నడిచాక తనే కూర్చుంది. ఆ కుర్చీ తోసే కుర్రాడు తనిఖీల దగ్గర బిజినెస్ క్లాసు వాళ్ళ ప్రత్యేక వరసకన్నా ముందు మమ్మల్ని దాటించాడు. విమానం దూరంగా నిలిపారు, బస్సులో పోయి మెట్లెక్కాలి. ముందు వరసల దొరలు బ్రీఫ్‌కేసులు పట్టుకుని ఆ మెట్లు ఎక్కుతుంటే, పెద్దమ్మ కుర్చీతో సహా ఒక లేచే గది లాంటి బండిలో పైకి పోయి నేరుగా తలుపు దగ్గర దిగింది. "పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చినట్టు తెచ్చినార్రా" అని మురిసిపోయింది. ఆ సేవకు మేం పైసా కట్టలేదు. టికెట్టు ఏ క్లాసుదని ఎవరూ అడగలేదు. నలభై ఎనిమిది గంటల ముందుగా చెప్పి ఉంచాలి, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళందరికీ ఈ ఒక్క ముక్కా చెప్పాలని ఉంది.

ఇప్పుడు అసలు కుర్చీ. మన దేశపు విమానాల్లో, కొత్తగా మూడు తరగతులు పెట్టినవాటిలో, ముందు భాగాన ఇటు రెండు అటు రెండు చొప్పున రెండు వరసలు, మొత్తం ఎనిమిది కుర్చీలు ఉంటాయి. ఒక కుర్చీకీ ముందు కుర్చీకీ నడుమ నలభై అంగుళాల చిల్లర చోటు. వెనకాల మనకు ముప్ఫైకి లోపే. వెడల్పు ఎక్కువ, వాల్చితే ఏడంగుళాలు వెనక్కి వాలుతుంది. పరుపు మాత్రం కాదు సుమా! పడుకోవచ్చనుకుని వెళితే ఆశాభంగమే. ఆ వాల్చడమైనా ఎంతసేపు? ఎగిరేటప్పుడు నిటారుగా ఉంచాలి, దిగేటప్పుడు నిటారుగా ఉంచాలి. మద్రాసు–హైదరాబాదు గంట ప్రయాణంలో ఎక్కడానికో ఇరవై నిమిషాలు, దిగడానికో ఇరవై నిమిషాలు పోతే, మధ్యలో మిగిలిన ఇరవై నిమిషాల్లోనే పింగాణీ పళ్ళెంలో భోజనం పెడతారు. ముందు బల్ల తెరిచి ఉంటే ఇక వాలడం ఎక్కడ!

ఐరోపా దేశాల్లో ఇంకా చిత్రం. అక్కడ ఒక రాజధాని నుంచి మరో రాజధానికి పోయే చిన్న ప్రయాణాల్లో బిజినెస్ క్లాసంటే చాలా కంపెనీల్లో మామూలు మూడు కుర్చీల వరసే. నడిమి కుర్చీ ఖాళీగా వదిలేస్తారు. అంటే లేని మనిషికి టికెట్టు కొన్నట్టు. ఆ లెక్కన మనవాళ్ళే నయం, కుర్చీ అయినా వేరే వేస్తున్నారు.

రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఎగిరే వాటిలో పంకాలున్న చిన్న విమానాలు, ఏటీఆర్‌లు, ఉన్నాయి. వాటిలో ఈ గొడవే లేదు, అందరిదీ ఒకే క్లాసు. పైగా వాటికి జనం ఎక్కే తలుపు వెనక ఉంటుంది. మొదటి వరస కోసం పోట్లాడినవాడు అందరికన్నా చివర దిగుతాడు.

ఈ ముందు వరస కుర్చీలతో బాగుపడ్డవాళ్ళు తక్కువే అనిపిస్తుంది. 2005లో ఆర్భాటంగా ఎగిరిన కింగ్‌ఫిషర్ 2012లో వాలిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగింది. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. 2006 నుంచి అందరికీ ఒకే ఇరుకు అని పట్టుబట్టి కూర్చున్న ఇండిగో మాత్రం నిలబడింది. అదీ 2024 నవంబరులో ఢిల్లీ–బొంబాయి దారిలో పన్నెండు పెద్ద కుర్చీలు వేసింది! ఇందులో నీతి ఏమిటో వ్యాపారులకే తెలియాలి.

నేను ఇరవై మూడో వరసలో ఉన్నాను. నడుమ తెర. తెరకు అవతల పెద్దమ్మ ఏం చేస్తోందో నాకు తెలియదు. విమానం ఎగిరిన అరగంటకు ఒక ఎయిర్ హోస్టెస్ నవ్వాపుకుంటూ నా దగ్గరకొచ్చి, కాగితపు రుమాలులో చుట్టిన పొట్లం ఒకటి చేతికిచ్చింది. అందులో ఒక రొట్టె, ఒక మిఠాయి. "ముందు కూర్చున్న అమ్మగారు ఇమ్మన్నారండి. మీరు పొద్దున సరిగ్గా తినలేదట" అంది. వెనక వరసల వాళ్ళకు అట్లా ఇవ్వకూడదని నియమం ఉండే ఉంటుంది. పెద్దమ్మ ముందు నియమాలు నిలవవు. నా పక్కనున్న ఇద్దరూ నేనెవరో పెద్దమనిషినని అనుకున్నట్టున్నారు.

దిగాక అడిగాను, ఎట్లా ఉందని. "కాలు చాపుకున్నా గదరా, అది బాగుండాది" అంది. తరవాత, "ముఖం తుడుచుకోను ఏడేడి తుండుగుడ్డ ఇచ్చినారు. నేను మడిచి సంచిలో పెట్టుకుంటే ఆ పిల్లొచ్చి ఎనక్కి తీసుకుని పోయింది" అంది. తరవాత కాసేపు ఏమీ అనలేదు. కారెక్కాక, "పక్కన ఎవురో పెద్దాయన. కాయితాలు చూసుకుంటా ఒక్క మాట మాట్లాడలా. నాకు ఎగిరేటప్పుడు బయమేసింది. ఎవురి చెయ్యి పట్టుకునేది?" అంది.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళకూ, ఆరడుగులు దాటిన పొడుగువాళ్ళకూ ఆ చోటు నిజంగా సుఖమే. ఆ మాట ఒప్పుకోకపోతే అన్యాయం. భోజనం కోసం, విడిది కోసం కొనేవాళ్ళను మాత్రం నేను సమర్థించలేను. భయపడే ముసలివాళ్ళను పంపేటట్లయితే, ఒక గొప్ప కుర్చీకి బదులు పక్కపక్కన రెండు మామూలు కుర్చీలు తీసి, వాటిలో ఒకటి నడవ వైపుండేలా చూసి, చక్రాల కుర్చీ అడిగి ఉంచితే సగం సొమ్ము మిగులుతుంది. చెయ్యి కూడా దొరుకుతుంది.

ఆపరేషన్ అయింది. ఒక మోకాలు కుదిరింది, రెండోది కూడా అక్కడే కానిచ్చారు. తిరుగు ప్రయాణానికి మళ్ళీ ముందు వరసే తియ్యనా అని అన్నయ్య అడిగితే, పెద్దమ్మ రైలంది. సికింద్రాబాదు నుంచి తిరుపతి పోయే వందేభారత్ 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి నెల్లూరు, ఆ పైన గంటలోపు మైపాడు. చేపల పులుసు వేళకు కాస్త ఆలస్యం, అంతే. పక్కపక్కన రెండు సీట్లు తీశాం. చిక్కల్లా ఒక్కటే, ఆ రైలు నెల్లూరులో ఆగేది బహు కొద్దిసేపు. అందుకని పెద్దమ్మ రోజూ పొద్దునా సాయంత్రం కూకట్‌పల్లిలో హాల్లో కుర్చీలోంచి లేచి గుమ్మందాకా పోయి వస్తోంది. అక్క గడియారం పట్టుకుని నిలబడుతుందట. నిన్నటికి నిమిషంన్నర.