అర్జీలో లేని ఖర్చు

మా అమ్మకు అక్షరాలు రావు. అయినా కొన్ని ఇంగ్లీషు మాటలు మాత్రం తడుముకోకుండా పలుకుతుంది. రీయింబర్సుమెంటు, బయోమెట్రిక్, మ్యాపింగు, లింకు, పెండింగు. చౌడేపల్లె చుట్టుపక్కల చెనిక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు "మీ పిల్లోనిది పడిందా? మాదింకా పెండింగులోనే ఉంది" అని ఒకరినొకరు పలకరించుకుంటారు. కొడుకునో కూతుర్నో కాలేజీకి పంపిన ఇళ్లల్లో ఈ మాటలు ఉప్పు, చింతపండు మాదిరి అయిపోయినాయి.

మన సంచికల్లో విద్యార్థుల కష్టాల గురించి చాలా వ్యాసాలు వస్తాయి. హాస్టలు చారు గురించి, పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి. అవన్నీ రాయవలసినవే. కాని మనలో చాలామంది ఈ బెంచీల మీద కూర్చునేదానికి ముందు, ఇంటి దగ్గర ఇద్దరు మనుషులు రాసిన పరీక్ష ఒకటుంది. దానికి సిలబస్ లేదు. ప్రశ్నలు మధ్యలో మారిపోతాయి. రాసేది వాళ్లు, పాసో ఫెయిలో అయ్యేది మనం. ఆ పరీక్ష గురించి నాలుగు ముక్కలు చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వ సహాయం లేకపోతే నాబోటివాడు ఈ సంచికలో పేరు చూసుకునేవాడు కాదు. మా పక్క కాలేజీ లేక చదువు ఆగిపోలేదు. మదనపల్లెలో అనీబిసెంటు 1915లోనే కళాశాల పెట్టింది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. భవనాలు వచ్చినంత త్వరగా ఫీజు కట్టే శక్తి మా ఇళ్లకు రాలేదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లోనే మొదలైనాయి. వెనుకబడిన తరగతుల పేదపిల్లల ఫీజును కూడా పెద్ద ఎత్తున ప్రభుత్వమే భరించే పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో వచ్చింది. ఆ తర్వాత దానికి జగనన్న విద్యాదీవెన అని, తిండీ వసతీ ఖర్చుకు ఇచ్చేదానికి వసతి దీవెన అని పేర్లు పెట్టినారు. డిగ్రీవాళ్లకు వసతి దీవెన కింద ఏడాదికి 20,000 రూపాయలు. 2024లో ప్రభుత్వం మారినాక పేరు మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అయింది.

పేరుతోబాటు డబ్బు నడిచే దారి కూడా మారుతూ వచ్చింది. మొదట ఫీజు కాలేజీకే పోయేది. 2021 ఏప్రిల్ నుంచి తల్లి ఖాతాలో వేసినారు. 2023 చివర్లో తల్లీ బిడ్డా కలిసి జాయింటు ఖాతా తెరవమన్నారు. 2024 తర్వాత మళ్లీ నేరుగా కాలేజీకే అన్నారు. ఒక్కో మార్పుకూ ఒక్కో కారణం ఉండొచ్చు. ఏ దారిలో పోయినా మారనిది ఒకటుంది. మేము పేదవాళ్లమని రుజువు చూపించే పని మాత్రం ఎప్పుడూ అమ్మానాయనలదే.

నేను డిగ్రీలో చేరిన 2023లో ఉన్న నియమాలు చూస్తే చాలా సులభం అనిపిస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. మాకున్నది మూడెకరాల మెట్ట, ఒక బోరు, రెండు ఆవులు. ఇక అడ్డమేముంది అనుకున్నాము.

ఆదాయం సర్టిఫికెట్టు కోసం పోయినప్పుడు అక్కడి ఉద్యోగి మర్యాదగానే అడిగినాడు.

"పెద్దాయనా, మీకు సంవత్సరానికి ఎంతొస్తుంది?"

మా నాయన కాసేపు ఆలోచించి, "ఏ సంవత్సరంది సార్?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. నాయన నవ్వించేదానికి అనలేదు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే ప్రతి రైతూ అడగవలసిన ప్రశ్న అది. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటి అమ్మినారు. దేశమంతా పత్రికల్లో మా మార్కెట్టు పేరు వచ్చింది. అంతకు ముందూ తర్వాతా కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఎన్నో ఉన్నాయి. ధర ఉన్నప్పుడు మా తోటలో కాయ లేదు, కాయ ఉన్నప్పుడు ధర లేదు. వచ్చిన దాంట్లో మందులకు, కట్టెలకు, బాడుగకు, మండీ కమీషనుకు పోగా మిగిలింది ఎంత? బోరు ఎండిపోయిన ఏడాది మిగిలింది అప్పు. అప్పును ఆదాయం గడిలో ఎట్ల రాయాలో ఏ ఫారంలోనూ లేదు. నెలజీతం ఉన్నవానికి ఆదాయం అంటే ఒక అంకె. సేద్యగానికి అది కొన్నేళ్ల కథ. కథకు గడి చాలదు. చివరికి ఆ ఉద్యోగే తనకు తోచిన అంకె ఒకటి వేసినాడు. నాయన దాని కింద సంతకం చేసినాడు. బయటికి వచ్చినాక, "అంత తక్కువా మనం?" అని మాత్రం అడిగినాడు. ఊళ్లో పదిమందికి అన్నం పెట్టిన ఇల్లు అని చెప్పుకునే మనిషి, పేదవాణ్ణని వ్రాతమూలకంగా ఒప్పుకునేది అదే మొదటిసారి.

ఇక అమ్మ వేలిముద్ర సంగతి. వేలు యంత్రం మీద పెడితే పచ్చలైటు రావాలి. పది వేళ్లూ పెట్టినా రాలేదు. గుడ్డతో తుడిచినారు, నీళ్లతో కడిగినారు, కొబ్బరినూనె పూసినారు. రాలేదు. నేను సైన్సు విద్యార్థిని కాబట్టి కారణం చెప్పగలను. వేలి గీతలు తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. చర్మం పైపొర అరిగినా, కింది పొరలోని అచ్చు నుంచి అదే గీత మళ్లీ పైకి వస్తుంది. అయితే అరిగే వేగం పెరిగే వేగాన్ని మించితే యంత్రానికి గీత కనబడదు. చెనిక్కాయలు పీకి, వలిచి, పేడ ఎత్తి, టమోటా కోసి, మా అమ్మ చేతులు ఆ స్థితికి వచ్చినాయి.

యంత్రం దగ్గర కూర్చున్న పిల్లోడు మంచివాడే. "అమ్మా, నాలుగు దినాలు పని మానుకుని, చేతులకు నూనె రాసుకుని రా. గీతలు తేలతాయి" అన్నాడు. శాస్త్రం ప్రకారం అతను చెప్పింది అక్షరాలా నిజం.

అమ్మ అన్నది ఇది: "నాలుగు దినాలు పని మానుకునే వసతి ఉంటే ఈడికెందుకొస్తా నాయనా?"

దానికి సమాధానం ఆ పిల్లోని దగ్గర లేదు, నా దగ్గరా లేదు. మూడోసారి పోయినప్పుడు ఎడమచేతి ఉంగరపు వేలు పలికింది. ఆ రోజు ఇంటికొచ్చినాక ఆ వేలికి ఆమె పసుపు రాసుకుంది.

తర్వాత పేరు దగ్గర చిక్కు వచ్చింది. అమ్మ పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం ఆధారులో ఉంది, బియ్యం కార్డులో లేదు. తన పేరు ఏ అక్షరాలతో రాస్తారో తెలియని మనిషి, అందులో ఒక అక్షరం ఎక్కువైన నేరానికి రెండు రోజులు తిరిగింది. తర్వాత జాయింటు ఖాతా. ఆ రోజుల్లో బ్యాంకు ముందర జాతర మాదిరి జనం. మొదటిరోజు మా వంతు రాలేదు. రెండోరోజు ఫోటో చాలలేదన్నారు. మూడోరోజు ఖాతా తెరిచినారు గాని, ఆధారు లింకయ్యేదానికి ఇంకో వారం పట్టింది.

మా వీధిలో ఒకరింటి కథ ఇంకా విచిత్రం. పెద్దకొడుకు బెంగళూరులో ఏదో పని చేస్తూ అప్పు చేసి పాత కారు కొన్నాడు. పసుపు బోర్డు అయితే ట్యాక్సీ, తెల్ల బోర్డు అయితే సొంత కారు. అతనిది తెల్ల బోర్డు. అతను ఇల్లు వదిలి ఏళ్లయినా, సచివాలయం లెక్కలో ఇంకా ఆ ఇంటి మనిషే. ఆ కారును తల్లి ఒక్కసారి కూడా ఎక్కలేదు. అయినా దాని వల్ల ఆమె చిన్నకూతురి అర్జీ ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆదాయం కాగితానికి నాయనకు రెండు రోజులు, వేలిముద్రకు అమ్మకు మూడు, పేరు దిద్దుబాటుకు రెండు, బ్యాంకుకు మూడు. మొత్తం పది పనిదినాలు. బస్సుఛార్జీలు, జిరాక్సులు, ఫోటోలు వేరే. ఇంట్లో ఆవులకు ఆ పూట కసువు కోసినవాళ్లకు మాట సాయం వేరే. ఇందులో ఒక్క రూపాయి కూడా ఏ అర్జీలోనూ కనబడదు. ఇంకొక సంగతి గమనించండి. ఇంజనీరింగు సీటుకైనా, మా బి.ఎస్సీ. సీటుకైనా తిరగవలసిన తిరుగుడు ఒక్కటే. కాబట్టి వచ్చే సహాయం ఎంత చిన్నదైతే, అడిగే ఖర్చు దాంట్లో అంత పెద్ద భాగాన్ని తినేస్తుంది. మా ఊళ్లో ఒక పెద్దాయన రెండోసారి వెనక్కి పంపినాక, "ఈ తిరుగుడు నా వల్ల కాదు" అని పాడి ఆవును అమ్మి కూతురి ఫీజు కట్టినాడు. ప్రభుత్వ లెక్కల్లో ఆయన సహాయం అడగని మనిషి. అవసరం లేనివాని పక్కనే ఆయన్నూ లెక్కేస్తారు.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో కాలేజీ సహాయానికి ఫ్యాఫ్సా అనే దరఖాస్తు ఉంది. అక్కడ కూడా తల్లిదండ్రుల ఆదాయం వివరాలు ఇవ్వాలి. దాన్ని సులభం చేస్తామని కొత్త ఫారం తయారు చేసి, మామూలుగా అక్టోబరులో రావలసినదాన్ని 2023 డిసెంబరు చివర్లో విడుదల చేసినారు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులున్న ఇళ్లల్లో పిల్లలు నెలల తరబడి దాన్ని పూర్తి చేయలేకపోయినారు. మా అమ్మకు వేలిగీత లేనట్టే వాళ్లకు నంబరు లేదు. ఆ సంగతి చెబితే అమ్మ, "అంత పెద్ద దేశంలో కూడానా?" అని కొంచెం ఊరట పడింది.

మంచి మార్పులూ వస్తున్నాయి. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే కొన్ని సర్టిఫికెట్లకు అర్జీ పెట్టుకునే వీలు వచ్చింది. సంతోషమే. అయితే అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఏ సౌకర్యం వచ్చినా చదువుకున్న చెయ్యి ఒకటి పక్కన ఉంటే తప్ప అది మా ఇళ్లకు అందదు. ఆ చెయ్యి మనది కావాలి కదా. మూడేళ్లు ప్రభుత్వ సొమ్ముతో చదివిన చదువుకు ఇంతకంటే మొదటి ఉపయోగం ఏముంటుంది?

అందుకని విద్యార్థి సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, చేరికల రోజుల్లో ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసి, వంతులవారీగా ఇద్దరేసి సీనియర్లు కూర్చోవాలి. ఏ కాగితం కావాలి, ఏ పేరు ఏ కాగితంతో కలవాలి, వేలిముద్ర పడకపోతే కనుపాపతోనో, ఫోనుకు వచ్చే ఓటీపీతోనో పని జరుగుతుందా అని ముందే అడిగి తెలుసుకుని, తెలుగులో ఒక పేజీ అచ్చు వేసి చేతికివ్వాలి. రెండు, సంఘం తరఫున అధికారులకు ఒక వినతిపత్రం ఇవ్వాలి. భూమి లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది, బియ్యం కార్డు లెక్క ఉంది, ఆధారు ఉంది. తన దగ్గర ఉన్న కాగితాన్నే తీసుకురమ్మని ప్రభుత్వం రైతును తిప్పకూడదు. తప్పనిసరిగా రమ్మంటే ఒక్కసారి రమ్మనాలి. అది కూడా కోతల కాలం చూసి పిలవాలి.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. వార్షికోత్సవానికి వేసే షామియానాలో ఒక మూల చాలు. ఈ జూన్‌కు నా డిగ్రీ అయిపోతుంది. అయినా సంఘం సరేనంటే, పుంగనూరు, చౌడేపల్లె, సోమల పక్క నుంచి వచ్చే అర్జీలు చూసేదానికి ఆ వారం రోజులూ నేను వచ్చి కూర్చుంటాను. జిరాక్సు ఏ అంగడిలో చవకో కూడా నాకు తెలుసు.