అసూయకు నల్ల సాక్సులు!

పక్కింటివాళ్లు కారు కొంటే మనవాళ్లకు కడుపు మండుతుంది. కట్టుకున్నవాడు ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడితే ఫిన్లాండువాళ్లకు... సాక్సులు నల్లబడతాయి!

వేళాకోళం కాదు. ఫిన్నిష్ భాషలో అలాంటి మనిషిని ‘ముస్తసుక్కైనెన్’ అంటారు. ‘ముస్త’ అంటే నలుపు. ‘సుక్క’ అంటే సాక్సు. చివర ఉన్న ‘ఇనెన్’ మన ‘గల’ లాంటిది. అంతా కలిపితే ‘నల్ల సాక్సులు గల’ మనిషి! అనుమానానికీ సాక్సులకూ ఏమిటి సంబంధం?

ఏమీ లేదు. అసలు కథ పొరుగు భాషలో ఉంది. 1809 దాకా కొన్ని శతాబ్దాలపాటు ఫిన్లాండు స్వీడన్ ఏలుబడిలో ఉండేది. స్వీడిష్ ఇప్పటికీ అక్కడ అధికార భాషే. ఆ భాషలో ఇలాంటి అసూయపరుణ్ని ‘స్వార్ట్‌షూక్’ అంటారు. ‘స్వార్ట్’ నలుపు, ‘షూక్’ అంటే జబ్బుపడ్డ. అంటే నల్లజబ్బు మనిషి అన్నమాట. ఈ మాటను తెచ్చుకునేటప్పుడే తమాషా జరిగిందంటారు. మొదటి సగాన్ని అర్థం చూసి అనువదించుకున్నారు. రెండో సగాన్ని మాత్రం చెవికి వినబడ్డట్టు పట్టుకున్నారు. అచ్చ ఫిన్నిష్ మాటల్లో ‘ష’ శబ్దం లేదు. జబ్బుపడ్డ అనడానికి ‘సైరస్’ అనే సొంత మాట ఉన్నా, ‘షూక్’ కాస్తా నోట్లో నలిగి ‘సుక్క’ అయి కూర్చుంది. జబ్బు పోయి సాక్సు వచ్చింది! ఇప్పుడు ఆ మాట అనేటప్పుడు ఎవరూ సాక్సుల్ని తలచుకోరు. కడుపుమంట అంటూ మనం నిప్పు కోసం వెతకం కదా... అలాగే.

మాట పొరపాటుగా పుట్టినా, దాని వాడకంలో మాత్రం పొరపాటు లేదు. ఎదుటివాడికి ఉన్నది తనకు లేదన్న ఏడుపుకి ఫిన్నిష్‌లో వేరే మాట ఉంది... ‘కతేల్లినెన్’. తనకున్నది చేజారిపోతుందేమోనన్న భయానికే ‘ముస్తసుక్కైనెన్’. ఒకటి లేమి బాధ, రెండోది పోగొట్టుకుంటామన్న బెంగ.

ఈ రెండో మాటను చిన్నపిల్లలకూ వాడతారు. చెల్లాయి పుట్టగానే అమ్మ ఒడి ఖాళీ లేకుండా పోయిన పెద్దాడూ ‘నల్ల సాక్సుల’వాడే. అదే మన ఇళ్లలో అయితే? ‘వీడికి అప్పుడే ఎంత కుళ్లో చూడండి’ అని నవ్వేస్తాం. లేదంటే కసురుతాం. నిజానికి వాడు చెల్లాయి ఉయ్యాల చూసి ఏడవడం లేదు. అమ్మ తనకిక దక్కదేమోనని బెంగపడుతున్నాడు. కుళ్లుకైతే మందలింపు సరిపోతుందేమో. బెంగకు మాత్రం ఒడే కావాలి!