తుంటి కండరం చెప్పిన అధ్యాసపాఠం



మా ఆలయంలో గర్భగృహానికి ఎత్తైన రాతి గడప ఉన్నది. ముప్పది సంవత్సరాలుగా దినానికి ఎన్ని పర్యాయాలు దానిని దాటుతున్నానో నేను లెక్కించలేదు. దాటే ప్రతిసారీ ఒక క్షణకాలం మనిషి ఏకపాదస్థుడవుతాడు. ఆ క్షణంలో దేహాన్ని ఒరిగిపోకుండా నిలబెట్టేది తుంటి ప్రక్కన ఉన్న రెండు కండరాలు. అవి క్షీణించిన తరువాత గాని ఈ సంగతి నాకు తెలియలేదు.

రెండేళ్ల క్రితం ధనుర్మాసంలో ఎడమ తుంటి వెలుపలి భాగాన నొప్పి ఆరంభమైంది. ఆ ప్రక్కకు ఒత్తిగిలితే నిద్రాభంగం. మెట్లు ఎక్కినా, సేవాకాలంలో ఎక్కువసేపు నిలబడినా బాధ. వాతమని తలచి తైలమర్దనంతో సరిపెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తితిక్ష అనే పదం నాకు ఆశ్రయమైంది. ప్రతిక్రియ కోరకుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అని వివేకచూడామణి నిర్వచించింది కదా, నేను చేస్తున్నది అదేనని నమ్మాను. ఆ నిర్వచనంలోనే చింతావిలాపాలు లేకుండా సహించాలన్న నియమం కూడా ఉన్నది. నేను రాత్రులంతా చేసినది చింతే. ఉత్సవాలలో పల్లకీ బొంగు పట్టే స్థానం నాకు దక్కకుండా పోతుందేమో, కుంటుతున్నాడని భక్తులు చెప్పుకుంటారేమో అన్నదే నా చింత. నిర్వచనంలో నాకు అనుకూలమైన సగాన్ని మాత్రమే గ్రహించాను.

గత సంవత్సరం కల్యాణోత్సవంలో ఒక భక్తుడు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియోను మా అబ్బాయి చూపించాడు. ఎడమ పాదం మోపినప్పుడల్లా నా మొండెం ఎడమ ప్రక్కకు వాలుతున్నది. నా భుజం మీది బొంగు దానితో పాటు వాలుతున్నది. స్వామివారు ఊగుతున్నారు.

"నాన్నగారూ, ఇది ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"నాకు తెలియదురా" అన్నాను. అది అసత్యం.

మరుసటి వారమే వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లాడు. ఆమె నన్ను ఎడమకాలి మీద మాత్రమే నిలబడమన్నారు. వెంటనే కటికుడ్యం కుడి ప్రక్కన క్రిందికి జారింది. జర్మనీకి చెందిన ట్రెండెలెన్‌బర్గ్ అనే శస్త్రవైద్యుడు 1895లో వివరించిన లక్షణం ఇదేనని, ఆయన పేరుతోనే నేటికీ వ్యవహరిస్తారని చెప్పారు. అటుపైన ఎం.ఆర్.ఐ. తీయించారు.

ఆమె వివరించిన విషయాన్ని నాకు అర్థమైనంతవరకు విన్నవిస్తాను. తొడ ఎముక పైభాగాన వెలుపలికి ఉబ్బి, చేతికి తగిలే ఒక గుబ్బ ఉంటుంది. కటి ఎముక నుండి దిగివచ్చే గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అనే కండరాలు స్నాయువుల ద్వారా ఆ గుబ్బను పట్టుకొని ఉంటాయి. ఒంటికాలి మీద నిలిచినప్పుడు కీలుకు ఒక ప్రక్కన దేహభారం, మరొక ప్రక్కన ఈ కండరాలు తక్కెడలా తూగుతాయి. కాని ఈ తక్కెడలో కండరాల వైపు చేయి పొట్టి. అందువలన దేహభారానికి దాదాపు రెండింతల బలంతో అవి లాగి పట్టాలి. ప్రతి అడుగులోనూ ఇది జరుగుతున్నది.

ఇక్కడ ఒక శబ్దవిశేషం. మనం తెలుగులో మాంసపేశిని కండరం అంటాము. సుశ్రుతసంహిత శారీరస్థానంలో కండర అంటే బలమైన స్నాయురజ్జువు. అటువంటివి పదహారు అని, మాంసానికి పేశి అని అక్కడ వ్యవహారం. పట్టి ఉంచే త్రాడు పేరు మన భాషలో లాగే మాంసానికి వచ్చింది. త్రాడు తెగితే మాంసం ఏమవుతుందో చూచిన తరువాత ఈ పేరుమార్పు నాకు చిత్రంగా తోచింది.

నా స్నాయువులు పాక్షికంగా చినిగాయి. చినిగిన స్నాయువుకు అంటి ఉన్న పేశికి లాగడానికి ఆధారం ఉండదు. ఆధారం లేని పేశి కృశిస్తుంది. దాని తంతువుల నడుమ క్రొవ్వు చేరుతుంది. చిత్రంలో కుడి ప్రక్క పేశి నిండుగా, ముదురు వర్ణంలో కనిపించింది. ఎడమ ప్రక్కన అదే చోట తెల్లని చారలు. ఆ తెలుపే క్రొవ్వు. ఫ్రాన్సులో గుటాలియే అనే వైద్యుడు, ఆయన సహచరులు భుజం విషయంలో 1994లో ప్రకటించిన ఐదు స్థాయిల కొలతనే తుంటికి కూడా వాడుతున్నారట. సున్న అంటే క్రొవ్వు లేదు. మూడు అంటే మాంసమెంతో క్రొవ్వంత. నాలుగు అంటే మాంసం కంటే క్రొవ్వే అధికం. నా మీడియస్ రెండవ స్థాయిలో, మినిమస్ మూడవ స్థాయిలో ఉన్నాయి.

అప్పుడు నేను తుంటి ముందు భాగాన చేయి వేసి, "ఇక్కడ చూడండమ్మా, కుడివైపు కంటే గట్టిగా ఉన్నది. బలం తగ్గలేదు" అన్నాను. నిజంగానే అక్కడి పేశి లావైంది. స్నానవేళ దానిని తడిమి ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

ఆమె చిత్రంలో ఆ చోటు చూపించారు. "ఇది టెన్సర్ ఫాసియా లాటా అనే వేరే కండరం స్వామీ. ప్రక్కవాటి పని కూడా తన మీద వేసుకొని లావెక్కింది. మీరు బలమనుకుంటున్నది దాని అదనపు శ్రమ" అన్నారు.

భాష్యపాఠంలో అధ్యాసను ఎన్నిసార్లు వల్లించానో! ఒకదాని ధర్మాన్ని మరొకదానియందు చూడటం అధ్యాస. త్రాడును పామనుకున్న ఉదాహరణను విద్యార్థులకు చెప్పి చెప్పి నోరు అరిగింది. నా చేతి క్రింద ఉన్న మాంసంలోనే ఒకదాని శ్రమను మరొకదాని ఆరోగ్యంగా భ్రమించాను.

ఆ రాత్రి మరొక సంగతి మనస్సును కలచివేసింది. పాఠశాలలో నేను క్రమాంతం అధ్యయనం చేశాను. పదేళ్లుగా ఆవృత్తి లేదు. సభలలో సందేహం వచ్చిన చోట స్వరం హెచ్చించి దాటవేయడం అలవాటైంది. కంఠం గంభీరమైందని ప్రశంసిస్తే సంతోషించేవాణ్ణి. లోపల తెల్లని చారలు, ముందు లావెక్కిన కండ. దానికి ఏ యంత్రమూ చిత్రం తీయదు.

స్నాయువును తిరిగి కుట్టే శస్త్రచికిత్స ఉన్నది. అయితే మాంసం స్థానంలో చేరిన క్రొవ్వు, కుట్టిన తరువాత కూడా సులభంగా తిరిగి మాంసం కాదు. మిగిలిన పేశిని బలపరచవచ్చు. ముందే వచ్చి ఉంటే మిగిలేది ఎక్కువ. ఆమె ఈ మాట నింద లేకుండా చెప్పారు. అందుకే ఎక్కువగా తగిలింది.

ప్రస్తుతానికి శస్త్రచికిత్స లేకుండా నియమాలు పాటిస్తున్నాను. కాలు మీద కాలు వేసుకోవడం, ఒక తుంటి మీదికి ఒరిగి నిలబడటం మానివేశాను. జపం ఎత్తు పీట మీద. శయనం కుడి ప్రక్కకు, మోకాళ్ల నడుమ దిండుతో. క్రమంగా బరువు పెంచే వ్యాయామం. చేతికర్ర బాధ ఉన్న ప్రక్క కాక ఎదుటి చేతిలో పట్టాలట. కనుక అది కుడిచేతిలో. హారతి వేళ ఆ చేయి ఖాళీగా ఉండాలి కాబట్టి మా అబ్బాయి నా ప్రక్కన నిలుస్తాడు. నొప్పి చాలావరకు శమించింది. నడకలో ఒరుగు కొంత మిగిలింది. క్రమపాఠం ఆవృత్తి కూడా మొదటి పన్నం నుండి ప్రారంభించాను. ఎక్కడెక్కడ తప్పుతున్నానో విద్యార్థులకు వినబడుతూనే ఉన్నది.

మాతృమూర్తులకు ఒక విన్నపం. నలభై దాటిన స్త్రీలలో ఈ వ్యాధి అధికమట. నడుము నొప్పి అనో, సయాటికా అనో, వయస్సు అనో సరిపెట్టుకొని పూజలు, వ్రతాలు సాగించేవారు మన ఆలయాలలో ఎందరో. తుంటి ప్రక్కన నొప్పి, ఆ ప్రక్కకు పడుకోలేకపోవడం ఉంటే దాచకండి. చూపించుకోండి.

తైత్తిరీయంలో అన్నమయ పురుషుణ్ణి పక్షిరూపంగా భావించినప్పుడు శిరస్సును, రెండు పక్షాలను, మధ్యదేహాన్ని చెప్పి, చివరి అంగాన్ని ప్రతిష్ఠగా పేర్కొన్నారు. నాభికి క్రిందనున్న భాగమే అది అని శంకర భగవత్పాదుల వ్యాఖ్య. దేహం నేను కాదు అని చెప్పే ఉపనిషత్తే ముందుగా దేహం దేని మీద నిలిచి ఉన్నదో చెప్పింది. అన్నమయాన్ని తెలిసికొని దాటమన్నది. తెలియకుండా దాటమనలేదు.

ఈ సంవత్సరం ఉత్సవంలో నా స్థానంలో మా అబ్బాయి బొంగు పట్టాడు. నేను కర్రతో ప్రక్కన నడిచాను. పల్లకీ ఊగలేదు. సంతోషించవలసిన ఆ క్షణంలో నా భుజం ఖాళీగా ఉన్నదన్న దుఃఖమే ముందు వచ్చింది. తితిక్ష అక్కడ నుండి ఆరంభం కావాలి.

స్వస్తి.