వంకర తోకే అందమైన దేశం



కుక్కలంటే మీకు ప్రాణం కదా మావయ్యా, అందుకే ఈ ఉత్తరం నిండా వాటి కబుర్లే. టోక్యోలో ఎంత తిరిగినా నాకు ఊరకుక్క ఒక్కటీ ఎదురుపడలేదు. నిన్న ఓ పెద్దావిడ పసిపిల్లల బండి తోసుకొస్తోంది. అందులో మెత్త మీద దర్జాగా కూర్చున్నది శిబా కుక్క! కాస్త దూరం పోయాక దాన్ని దింపి నడిపించింది. అది స్తంభం దగ్గర కాలెత్తగానే ఆవిడ సంచిలోంచి నీళ్లసీసా తీసి ఆ చోటంతా కడిగి గానీ కదల్లేదు. ఇక్కడ అందరూ అంతేనట. టీకాల విషయంలోనూ ఇదే శ్రద్ధ. 1957 తర్వాత ఈ దేశంలో కుక్కలకు పిచ్చి రోగం సోకలేదంటే ఏటేటా టీకా వేయించాలన్న చట్టాన్ని ఎంత నిష్ఠగా పాటించారో చూడండి.

శిబాది నక్క మొహం. పది కిలోలుంటుందేమో, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీద చుట్ట తిరిగిన తోక. ముద్దొచ్చి నిమరబోతే ఒక్క అడుగు వెనక్కేసి అక్కడే కూర్చుంది. మొరగలేదు, చనువూ ఇవ్వలేదు. ఆ పెద్దరికం నాకు భలే నచ్చింది.

మన వాళ్లు మాట వినని పిల్లల్ని ‘కుక్క తోక వంకర’ అని దెప్పుతారా, ఇక్కడ కుక్కల పోటీల్లో ఆ వంకరనే పట్టి పట్టి చూస్తారు. చుట్ట తిరగాలి, లేదా కొడవలిలా వంగాలి. కిందికి వేలాడితే దోషమే.

ఇక్కడి స్వదేశీ కుక్కలు ఒకప్పుడు అంతరించిపోయే దశకు వచ్చాయి. విదేశీ జాతులు వచ్చి కలిసిపోతుంటే సైతో హిరోకిచి అనే ఆయన 1928లో నిహోన్‌కెన్ హోజోన్‌కై అనే సంరక్షణ సంఘం పెట్టి, కొండపల్లెలన్నీ గాలించాడు. ప్రభుత్వం 1931లో అకితాను, 1937లోగా కై, కిషూ, శిబా, షికోకు, హొక్కైదో జాతులను ‘సహజ స్మారకాలు’గా ప్రకటించింది. గుళ్లకూ కోటలకూ ఇచ్చేలాంటి గౌరవం కుక్కకు! కోషి అనే ఇంకో జాతికీ ఆ గౌరవం దక్కింది గానీ పాపం అది మిగల్లేదు.

షిబుయా స్టేషన్ దగ్గర హచికో అనే కుక్క విగ్రహం చూశాను. అది అకితా జాతిది. యజమాని ఉఎనో ప్రొఫెసరు 1925లో పోయారు. ఆయన రైలు దిగుతారని హచికో 1935లో తాను చచ్చిపోయేదాకా ఆ స్టేషనుకు వస్తూనే ఉంది. విగ్రహానికి ఎడమ చెవి వాలి ఉంటుంది, బతికుండగా దాని చెవి అలాగే ఉండేదట. ఉఎనో అనే పేటలోని మ్యూజియంలో దాని చర్మంతో చేసిన రూపానికి మాత్రం రెండు చెవులూ నిలబెట్టారు. అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయాను మావయ్యా. లేత గోధుమ రంగు బొచ్చు, ఎంత పెద్ద కుక్కో!

అది పుట్టిన ఒదాతె ఉత్తరాన మంచు పడే ఊరు. అక్కడి మగ అకితాల్లో నలభై కిలోలు దాటేవీ ఉంటాయి. 1937లో హెలెన్ కెల్లర్ ఇక్కడికొచ్చి ముచ్చటపడితే ఆవిడకో అకితా పిల్లను బహూకరించారు. అది కొన్నాళ్లకే పోతే 1939లో ఇంకోదాన్ని అమెరికా పంపారు.

మిగతావి కొండజాతులు. యమనషి కొండల కై కుక్క పిల్లప్పుడు నల్లగా పుడుతుంది, పెరిగేకొద్దీ ఒంటిమీద పులిచారలు తేలతాయి. తెల్లటి కిషూ, బూడిదరంగు షికోకు అడవిపందిని నిలేస్తాయి. హొక్కైదో కుక్క ఐనులనే ఆదివాసుల వెంట ఎలుగుబంట్ల వేటకు వెళ్లేది. ఆ మాట వినగానే పాడేరు ఘాటీ పైన ఇటికల పండక్కి వేటకు బయల్దేరే జనం కళ్లముందు మెదిలారు.

మా ఇంటి ఓనరమ్మకు మన జోనంగి కుక్క గురించి చెప్పాను. కొల్లేటి గట్ల మీద బాతుల మందల్ని కాస్తుందనీ, నున్నటి పొట్టి వెంట్రుకలనీ, నుదుటి మీద ముడతలుంటాయనీ చెబుతుంటే ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ‘దాన్ని కాపాడే సంఘం ఉందా?’ అనడిగింది. మీరు వచ్చే నెల ఏలూరు పెళ్లికి వెళ్తారు కదా, వీలుచూసుకుని కొల్లేటి పల్లెలకు వెళ్లి, జోనంగిని నిలబెట్టి పక్కనుంచి ఓ ఫొటో తీసి పంపండి. తోక బాగా కనపడాలి.

మీ మేనల్లుడు