ప్రథమ పురుష లేని ప్రార్థన



తెలుగు వ్యాకరణమున "నేను" ఉత్తమ పురుష, "నీవు" మధ్యమ పురుష, "వాడు, ఆమె" ప్రథమ పురుష. 30 ఏండ్లు బడిలో చెప్పిన ఈ చిన్న పాఠము ఆరాధనకును వర్తించునని నాకు తోచుచున్నది.

ప్రార్థనకు వలసినవి రెండే పురుషలు: వేడుకొను నేను, ఆలకించు నీవు. తీర్పు తీర్చుటకే మూడవది కావలెను. లూకా సువార్త 18వ అధ్యాయములోని ఉపమానము చూడుడు. పరిసయ్యుని ప్రార్థనలో దేవుడున్నాడు, తానున్నాడు, దూరముగా నిలిచిన సుంకరియు ఉన్నాడు. సుంకరి ప్రార్థనలో దేవుడును తానును మాత్రమే. పరిసయ్యుని ఉపవాసములు అబద్ధములని ప్రభువు చెప్పలేదు. లోపము అతని ప్రక్కచూపులో నున్నది.

మన మందిరములలో ఈ ప్రక్కచూపు పలు విధములు. చప్పట్లు కొట్టి పాడువారిది ఆడంబరమట. కదలక కూర్చుండువారిలో భక్తి లేదట. ఒకరి నగలు, ఒకరి ఆలస్యము, ఒకరి అపశ్రుతి. వీనియన్నిటిలో క్రూరమైన మాట యొకటి కలదు: "సహాయము కొరకు వచ్చినారు." మా సంఘమునకు క్రొత్తగా వచ్చిన ఒక పేద కుటుంబము చెవిని ఈ మాట పడినది. నాలుగు ఆదివారములు వచ్చినవారు అయిదవ ఆదివారము రాలేదు.

ఈ అనుమానము తెలుగునాట పాతదే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు పని పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నము కొరకే మతములో చేరుదురేమోయని, సహాయము సాగినన్నాళ్లు బాప్తిస్మములు నిలిపివేసెను. సహాయము ముగిసిన పిమ్మటను జనులు వచ్చిరి. తమకు ధనసహాయ మక్కరలేదు, బాప్తిస్మమే కావలెననిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ చేయగలిగినది వేచియుండుట మాత్రమే. హృదయమును తూచు త్రాసు ఆయనకును దొరకలేదు. తుదకు వారి మాటనే నమ్మవలసి వచ్చెను. నెలల తరబడి చూచినవానికే దొరకని త్రాసు, వెనుక బల్లమీద గంటసేపు కూర్చున్న మనకెట్లు దొరకును?

దీనికి మందు తెలుగు సర్వనామములోనే యున్నది. ప్రభువు నేర్పిన ప్రార్థన "నా" అని కాక "మా" అని తండ్రిని పిలుచును. "మన" యన్నచో వినువాడును అందు చేరును. "మా" యన్నచో వినువాడు గాక మనతో నున్నవారు చేరుదురు. దేవునితో "మా" యనినంతనే ప్రక్కవాడు ప్రథమ పురుషను విడిచి నాతోకూడ ఉత్తమ పురుషలోనికి వచ్చును. కన్ను ఎవరిమీదికైన పోయినప్పుడు వారి పేరును ఆ "మా"లో చేర్చి మనసులో పలుకుట నా కలవాటు. పేరు పలికిన పిదప వారిని తూచుటకు మనసొప్పదు.

మొన్న సంఘపెద్దయు నేనును ఆ కుటుంబము ఇంటికి పోయి కూర్చుండి వచ్చితిమి. కారణమడుగలేదు, పిలిచితిమి. వారింకను రాలేదు. ప్రార్థనలో మాత్రము వారు "మా"లోనే యున్నారు.