స్లాబులో దారాలు, నేనిచ్చిన సలహా

"ఇదేవిట్రా, ఏ ముసలాయన గడ్డమో గొరిగి పొట్లం కట్టారు?"

2023 మే నెలలో, నరసరావుపేటలో మా ఇంటికి పై అంతస్తు స్లాబు వెయ్యడానికి రెండ్రోజుల ముందు, నా చేతిలో పాకెట్టు చూసి మా నాన్న అన్న మాట ఇది. నిజంగానే అలాగే ఉంటుంది. 125 గ్రాముల పాకెట్టు, లోపల 12 మిల్లీమీటర్ల పొడవున్న, వెంట్రుక కన్నా సన్నటి తెల్లటి దారాలు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. సిమెంటు బస్తాకి ఒక పాకెట్టు చొప్పున కాంక్రీటులో కలపాలి. మాది 800 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం, 75 బస్తాలు పడుతుందని మేస్త్రీ లెక్క. అంటే 75 పాకెట్లు. అన్నీ కలిపినా పది కిలోలు తూగవు.

"ఇరవై టన్నుల స్లాబుని ఈ పది కిలోల పీచు పట్టుకుంటుందా?" అన్నారు నాన్న. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అలాంటి ప్రశ్నలే వేస్తారు.

నేను ఊరుకుంటానా? సాఫ్టువేరు వాళ్ళకి ఒక జబ్బుంది. ఒక వారం రాత్రుళ్ళు కూర్చుని ఇంటర్నెట్ తిరగేస్తే ఏ సబ్జెక్టైనా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పైగా ఆ వారం నేను చదవడమే కాదు, చూసొచ్చాను కూడా. జీడిమెట్లలో మా స్నేహితుడి బంధువుకి ప్లాస్టిక్ దారాల యూనిట్ ఉంటే ఓ శనివారం వెళ్ళి రెండు గంటలు నిలబడ్డాను.

మన జంతికల గొట్టం ఉంది కదా, సూత్రం అదే. పిండి బదులు ప్లాస్టిక్ గుళికలు. పైన గరాటులో పోస్తే కింద పొడుగాటి ఇనపగొట్టంలో ఒక మర తిరుగుతూ వాటిని ముందుకు తోస్తూ ఉంటుంది. గొట్టం చుట్టూ హీటర్లు. చివరికొచ్చేసరికి గుళికలు కరిగి పాకమైపోతాయి. ఆ పాకాన్ని వందల కొద్దీ సన్నటి చిల్లులున్న పళ్ళెంలోంచి నొక్కుతారు. అవతల చల్లటి గాలి తగిలి దారాలుగా గట్టిపడతాయి. ఐతే అసలు కిటుకు ఆ తరవాత ఉంది. ఆ దారాల్ని ఒకదానికన్నా ఒకటి వేగంగా తిరిగే రోలర్ల మీదుగా లాగుతారు. చిన్నప్పుడు పాలిథీన్ కవరు అంచుని పట్టుకుని సాగదీస్తే, మొదట మెత్తగా సాగి, కాసేపటికి ఎంత లాగినా తెగని తాడులా అయ్యేది గుర్తుందా? అదే ఇదీ. చిందరవందరగా ఉన్న అణువుల గొలుసులు లాగిన వైపు బారులు తీరతాయి, బలం వస్తుంది. సిమెంటు బస్తా నేసే పట్టీలు కూడా ఇదే ప్లాస్టిక్, ఇదే లాగుడు. బస్తా బైటా అదే, లోపలికి వెళ్ళేదీ అదే అన్నమాట. చివర్న దారానికి తడి పట్టే పూత ఒకటి పూస్తారు, ఎందుకంటే ఈ ప్లాస్టిక్‌కి నీళ్ళంటే పడదు. ఆపైన 12 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి పొట్లాలు కడతారు.

ఇంటికొచ్చి ఒక లెక్క కట్టాను. దారం వ్యాసం 20 మైక్రాన్లు అనుకుంటే, ఘనపు మీటరు కాంక్రీటులో వేసే 900 గ్రాముల్లో సుమారు 26 కోట్ల దారాలుంటాయి. కొసకి కొస కలిపితే మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. ఇది చెప్పగానే నాన్న మొహంలో మొదటిసారి గౌరవం కనిపించింది (నా మీద కాదు, పీచు మీద).

మా కాంట్రాక్టరుకి మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. "ఫైబర్ వేస్తున్నాం కదా బాబూ, అడ్డం రాడ్లు ఆరంగుళాలకొకటి కాకుండా ఎనిమిదికి పెడదాం, ఇనుము కలిసొస్తుంది" అన్నాడు. ఆ మాటకి నాకెందుకో భయమేసి, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటు, ఇప్పుడు స్ట్రక్చరల్ డిజైన్ చేస్తున్నవాడికి ఫోన్ చేశాను. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. డ్రాయింగులో ఉన్న ఇనుములో ఒక్క ఊచ తగ్గించినా తను ఆ ఇంట్లో కాలు పెట్టనన్నాడు. సరే, ఇనుము జోలికి పోలేదు. ఆ ఒక్క మంచిపని చేశాను.

స్లాబు రోజు ఎండ నలభై దాటింది, పైగా వడగాలి. మొదటి మిల్లర్‌లో కుర్రాడు పాకెట్లన్నీ ఒకేసారి గుమ్మరించేశాడు, పీచు ఉండలు కట్టింది. రెండోసారి నేనే పక్కన నిలబడి కొంచెం కొంచెంగా చల్లించాను. గాలికి సగం పీచు మా అమ్మ మల్లెపాదుల మీద వాలింది, అది వేరే గొడవ. ఇంకో ఇబ్బంది, పీచు పడితే కాంక్రీటు కాస్త బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, జారదు. అలా కనిపించగానే కూలీల చెయ్యి నీళ్ళ బక్కెట్టు మీదకి పోతుంది. దారం వల్ల వచ్చే లాభమంతా ఆ అదనపు బక్కెట్టుతో పోతుంది. ఆ బక్కెట్టుకి కాపలా కాయడమే ఆ రోజు నా ఉద్యోగం.

సాయంత్రానికి స్లాబు అద్దంలా ఉంది. ఒక్క పగులు లేదు. మా వీధి చివర వారం ముందు ఇలాంటి ఎండలోనే దారం లేకుండా వేసిన స్లాబు మీద, ఎండిన చెరువులో ఒండ్రు మట్టిలా నెర్రెలు. మా మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు, "పీచు పనిచేసింది మాస్టారూ" అని. నేను కాలరెగరేసుకుని ఆదివారం రాత్రి హైదరాబాదు బస్సెక్కాను.

ఇక్కణ్ణించే నా తప్పు.

నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది. మెట్లింకా కట్టలేదు. 68 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, పొద్దున్నా సాయంత్రం వెదురు నిచ్చెన ఎక్కి స్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్ళు పెడుతున్నారు. ముందురోజు నిచ్చెన మీద కళ్ళు తిరిగాయిట. మున్సిపాలిటీ నీళ్ళు సరిపోక ట్యాంకర్ కూడా తెప్పిస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ నాన్నకివ్వమని, "నాన్నా, దారం వేశాం కదా, పగుళ్ళు రావు. నాలుగు రోజులు తడిపారు, చాలు. ఇంక ఎక్కొద్దు" అన్నాను.

"పది రోజులన్నాడు మేస్త్రీ" అన్నారు.

"మేస్త్రీకేం తెలుసు నాన్నా."

ఆయన కాసేపాగి, "సర్లే, నువ్వు చదివావు కదా" అన్నారు. ఎక్కడం మానేశారు.

జులైలో రెండో వానకి వంటింటి మూల పైకప్పు చెమ్మగిల్లింది. పైన చీపురుతో ఊడిస్తే తెల్లటి పొడి, ఎంత ఊడ్చినా వస్తూనే ఉంది. బీము పక్కన అడుగున్నర పొడవున సన్నటి పగులు. నా రూమ్మేటుని బతిమాలి తీసుకెళ్ళాను. వాడు జేబులోంచి బండి తాళంచెవి తీసి స్లాబు మీద గీశాడు. చారికలా గీత పడింది. "ఎన్ని రోజులు తడిపారు?" అన్నాడు. నాన్న నావైపు చూళ్ళేదు. చూసినా బాగుండేది.

వాడు చెప్పింది నాకర్థమైనంతలో చెప్తాను.

కాంక్రీటుకి రెండు రకాల పగుళ్ళ గండాలున్నాయి. మొదటిది పోసిన కొద్ది గంటల్లోనే వస్తుంది. కాంక్రీటు సర్దుకుంటుంటే లోపలి నీళ్ళు పైకి తేలతాయి. ఆ తేలే నీటికన్నా ఎండా గాలీ లాగేసే నీరు ఎక్కువైతే పైపొర ముడుచుకుంటుంది. చదరపు మీటరుకి గంటకి ఒక కిలో నీరు ఆవిరైందంటే ప్రమాదమేనని ఇంజనీర్ల లెక్క. మన మే నెల వడగాలికి అదేం పెద్ద అంకె కాదు. అప్పటికి కాంక్రీటుకి సొంత బలం సున్నా. సరిగ్గా ఆ గంటల్లోనే ఈ దారాలు రాజులు. మెత్తటి ముద్ద ముందు ప్లాస్టిక్ దారమే గట్టిది. కోట్ల దారాలు ఎక్కడికక్కడ కుట్టు వేసినట్టు పట్టుకుంటాయి.

మర్నాటికి కథ తిరగబడుతుంది. గట్టిపడిన మామూలు ఇంటి కాంక్రీటు బిగువు సుమారు 22 గిగాపాస్కల్స్. ఉక్కుది 200. ఈ దారానిది పదికి లోపే. అంటే ఇప్పుడు దారం కన్నా కాంక్రీటే బిర్రు. ఆ పైన అది చేసే సాయం బహు కొంచెం. తరవాత నెలల తరబడి మెల్లగా ఎండుతూ వచ్చే రెండో రకం పగుళ్ళని ఆపాల్సింది ఇనుమూ, కాంక్రీటు సొంత బలమూ. ఆ బలం ఎక్కణ్ణించి వస్తుంది? సిమెంటు నీళ్ళతో కలిసి రోజుల తరబడి జరిగే రసాయన చర్య నుంచి. నీళ్ళు లేకపోతే చర్య ఆగిపోతుంది. దారం నీళ్ళు పుట్టించదు కదా. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద లాంటివి కలిపిన సిమెంటుకైనా, వేడి పొడి వాతావరణానికైనా కనీసం 10 రోజులు తడపాలని మన ఐఎస్ 456 కోడు 2000 సంవత్సరం నుంచీ చెప్తూనే ఉంది. మాది ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటు, పైగా మే నెల. రెండు విధాలా పదే. మేస్త్రీకి తెలిసింది, నాకే తెలియలేదు.

మా భాషలో చెప్పాలంటే, ఇన్‌స్టాలేషన్‌లో ఎర్రర్ రాలేదు కదా అని టెస్టింగ్ ఎత్తేసినట్టు. మా టీములో ఏ ఫ్రెషరైనా ఆ పని చేస్తే నేనే క్లాసు పీకుతాను.

కోపమొచ్చి ఆ పాకెట్టు మళ్ళీ తీసి చదివాను. ఎక్కడా అబద్ధం లేదు. 'సెకండరీ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అనే ఉంది. కానీ కంపెనీ నుంచి డీలరుకీ, డీలరు నుంచి కాంట్రాక్టరుకీ వచ్చేసరికి 'సెకండరీ' ఎక్కడో జారిపోతుంది. కాంట్రాక్టరు దాన్ని ఇనుమన్నాడు, నేను క్యూరింగన్నాను. ఇద్దరం ఒకే బాపతు. నన్నడిగితే దీన్ని రీఇన్‌ఫోర్స్‌మెంట్ అనడమే తప్పు. ఇది కాంక్రీటుకి పురిటి మందు. పురిటి మందు తిన్నాం కదా అని పిల్లకి పాలు పట్టడం మానేస్తామా?

పీచుని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. ఇటలీలో గియులియో నట్టా గట్టి పాలీప్రొపిలీన్‌ని తయారుచేసింది 1954లో. పదకొండేళ్ళకే, 1965లో, అమెరికా సైన్యపు ఇంజనీర్లు పేలుళ్ళని తట్టుకునే కట్టడాల కోసం కాంక్రీటులో ప్లాస్టిక్ దారాలు వాడారు. ఇప్పుడు రెండంగుళాల పొడవు, గరుకు పైభాగం ఉన్న మోటు దారాలు కూడా వస్తున్నాయి. ఘనపు మీటరుకి కొన్ని కిలోల చొప్పున వేస్తే, నేల మీద పరిచే ఫ్యాక్టరీ ఫ్లోర్లలో, సొరంగాల గోడలకి కొట్టే కాంక్రీటులో నిజంగానే బరువు పంచుకుంటాయి. కానీ అవి వేరు, మా పొట్లం వేరు. గాల్లో వేలాడే ఇంటి స్లాబు అంతకన్నా వేరు.

అన్నట్టు, నాకు భలే నచ్చిన సంగతొకటి. 1996 నవంబరు 18న ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింది సొరంగంలో, లారీల్ని మోసుకెళ్ళే రైలుకి నిప్పంటుకుంది. వేడికి గోడల కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా పేలింది, కొన్ని చోట్ల దాదాపు మందమంతా రాలిపోయింది. మరీ చిక్కటి కాంక్రీటైతే లోపలి తేమ ఆవిరై బైటికి పోయే దారి ఉండదు, అందుకని పేలుతుంది. ఆ తరవాత కట్టిన ఎన్నో సొరంగాల్లో ఈ సన్నదారాలు కలిపారు. ఎందుకో తెలుసా? 165 డిగ్రీల లోపే కరిగిపోతాయి కాబట్టి! అవి కరిగిన చోట సన్నటి సందులేర్పడి ఆవిరి వెళ్ళిపోతుంది. అక్కడ దాని బలహీనతే పనికొచ్చింది.

ఇదంతా ఓ రాత్రి డాబా మీద కూర్చుని నాన్నకి చెప్పాను, క్షమాపణ చెప్పడం చేతకాక. ఆయన మొత్తం విని, వాళ్ళ నాన్న కట్టించిన మట్టిల్లు గురించి మొదలుపెట్టారు. మట్టిలో వరిగడ్డి నరికి వేసి, నీళ్ళు పోసి, మూడు రోజులు నానబెట్టి తొక్కేవాళ్ళట. "గడ్డెయ్యకపోతే గోడ నెర్రెలిచ్చేది. ఐతే గడ్డేశాం కదా అని ఎండలో వదిలేసేవాళ్ళు కాదురా. తాటాకులు కప్పేవాళ్ళం, మెల్లిగా ఆరాలని." ఈ ముక్క ఆ రోజు ఫోన్లోనే చెప్పుండొచ్చు కదా అన్నాను. "నువ్వు మేస్త్రీకేం తెలుసన్నావు. ఇంక నాకేం తెలుసని చెప్పను" అన్నారు, మామూలుగానే.

ఇనుము తగ్గించలేదు కాబట్టి స్లాబుకి ప్రమాదం లేదన్నాడు రూమ్మేటు. పొడి రాలే పైపొర గీకించి, పగులు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. దానికైన డబ్బుతో ట్యాంకర్లు ఎన్నొచ్చేవో నాన్న లెక్క కట్టారు గానీ నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది.

2024 ఏప్రిల్‌లో మెట్ల మీద గదికి చిన్న స్లాబు పడింది. ఈసారి మెట్లున్నాయి. నేను రెండు వారాలు ఇంటి నుంచి పనని చెప్పి ఊరెళ్ళిపోయాను. పొద్దున స్టాండప్ మీటింగుకి ముందోసారి, సాయంత్రం ఓసారి గోనెపట్టాలు తడపడం నా పని. దారం వెయ్యాలా వద్దా అని నేను నసుగుతుంటే నాన్నే పది పాకెట్లు తెప్పించారు.

పదో రోజు సాయంత్రం పైపు చుట్టేస్తుంటే కింద నుంచి కేకేశారు. "ఒరేయ్, నీ కోడు పుస్తకంలో కనీసం పది అనుంది, పీపీసీకి పద్నాలుగైతే మంచిదని కూడా ఉంది. చూశావా?"

చూళ్ళేదు. పైపు మళ్ళీ విప్పాను.